వాయిదా పడిన మరమ్మతుకు లెక్క కట్టే సాఫ్ట్‌వేర్: పేవర్ సమీక్ష

స్థానిక సంస్థల్లో రోడ్ల నిర్వహణకు బడ్జెట్ తయారయ్యే పద్ధతిని దగ్గరగా చూసినవారికి ఒక విషయం బాగా తెలుసు. పోయిన ఏడాది ఎంత కేటాయించారో చూస్తారు, దానికి కొంత శాతం కలుపుతారు, వచ్చిన మొత్తాన్ని వార్డులకు పంచుతారు, ఆ తర్వాత ఏ వీధి గురించి ఎక్కువ ఫిర్యాదులు వస్తే ఆ వీధికి ముందుగా తారు పడుతుంది. ఈ పద్ధతిలో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు. ఊరిలోని మొత్తం రోడ్లు ఏ స్థితిలో ఉన్నాయో, ఈ ఏడాది చేయని పని ఐదేళ్ల తర్వాత ఎంత భారమవుతుందో చెప్పే కాగితం పాలకవర్గం ముందు లేనప్పుడు, కళ్లకు కనిపించే గుంతే నిర్ణయం చేస్తుంది. ఆ కాగితాన్ని తయారు చేయడానికి పుట్టిన సాధనాల్లో పేవర్ పాతది, బాగా పరీక్షకు నిలిచినది. ఒక స్థానిక సంస్థ ఇంజినీరింగ్ విభాగం దాన్ని తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు ఏమేమి తెలుసుకోవాలో, అది ఎక్కడ బలంగా నిలబడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో వివరించడమే ఈ సమీక్ష ఉద్దేశం.

పేవర్ పుట్టింది అమెరికాలో, పుట్టించింది ఆ దేశపు సైన్యానికి చెందిన ఇంజినీర్ల విభాగం. సైనిక స్థావరాల్లోని రోడ్లు, పార్కింగ్ స్థలాలు, విమానాలు దిగే రన్‌వేలు అన్నీ కలిపి చూసుకోవలసిన అవసరం వచ్చినప్పుడు, 1970లలో ఎం. వై. షాహిన్ నాయకత్వంలోని బృందం మొదట ఒక కొలమానాన్ని రూపొందించింది. అదే పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్, రోడ్డు ఉపరితలం స్థితిని 0 నుంచి 100 వరకు పాయింట్లలో చెప్పే, అందరూ పీసీఐ అనే సూచిక. ఆ కొలమానం చుట్టూ సాఫ్ట్‌వేర్ పెరిగింది, వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చాక మైక్రోపేవర్ అయింది, ఇప్పుడు మళ్లీ పేవర్ పేరుతోనే నడుస్తోంది. రోడ్లకూ పార్కింగ్ స్థలాలకూ పీసీఐ సర్వే ఎలా చేయాలో ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ వెలువరించిన డి6433 అనే ప్రమాణ పత్రం నిర్దేశిస్తుంది, విమానాశ్రయాలకు డి5340 అనే వేరే పత్రం ఉంది. లెక్క కట్టే పద్ధతి ఒక కంపెనీ రహస్యంగా కాక ప్రమాణ పత్రంగా ఉండటం కొనేవారికి చిన్న లాభం కాదు. రేపు సాఫ్ట్‌వేర్ మార్చినా నిన్నటి కొలతలు చెల్లుతాయి, ఎవరైనా సందేహిస్తే అదే లెక్కను కాగితం మీద తిరిగి చేసి చూపించవచ్చు.

మొదటి పని రోడ్ల జాబితా. పేవర్ మొత్తం రోడ్లను నెట్‌వర్క్ అంటుంది, ఒక్కొక్క వీధిని బ్రాంచ్ అంటుంది, ఒకే రకంగా నిర్మించి, ఒకే కాలంలో తారు వేసి, దాదాపు ఒకే రద్దీ మోసే భాగాన్ని సెక్షన్ అంటుంది. నిర్ణయాలన్నీ సెక్షన్ స్థాయిలోనే జరుగుతాయి కాబట్టి ఈ విభజన సరిగా చేయడంలోనే సగం విజయం ఉంది. ఒక ప్రధాన వీధిలో సగం భాగానికి మూడేళ్ల క్రితం కొత్త పొర వేసి, మిగతా సగాన్ని అలాగే వదిలేస్తే అవి రెండు సెక్షన్లు. కలిపేస్తే సగటు తప్పుదారి పట్టిస్తుంది. మరీ చిన్న ముక్కలుగా కోస్తే టెండర్ పిలవడానికి పనికిరాని జాబితా తయారవుతుంది. చాలా స్థానిక సంస్థలకు ఏ రోడ్డు ఎప్పుడు వేశారో, కింద ఎన్ని పొరలున్నాయో చెప్పే రికార్డు ఒకచోట ఉండదు, పాత కొలతల పుస్తకాల్లో, విరమణ పొందిన ఉద్యోగుల జ్ఞాపకాల్లో చెదిరిపోయి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌ను మరేమీ వాడకపోయినా, ఈ జాబితాను పూర్తి చేయించడం ఒక్కటే దాని కోసం పెట్టిన శ్రమను చాలావరకు తిరిగి ఇస్తుందని నా అభిప్రాయం.

తర్వాత సర్వే. ప్రతి సెక్షన్‌ను శాంపిల్ యూనిట్లుగా విడగొడతారు. తారు రోడ్డుకు ఒక యూనిట్ విస్తీర్ణం 225 చదరపు మీటర్లు, అటూ ఇటూ 90 వరకు తేడాను అనుమతిస్తారు. 7 మీటర్ల వెడల్పున్న రోడ్డులో అది సుమారు 32 మీటర్ల నిడివి, అంటే కిలోమీటరుకు 31 యూనిట్లు. అన్నింటినీ నడిచి చూడనక్కరలేదు. 95 శాతం విశ్వసనీయతతో, అసలు విలువకు 5 పాయింట్లకు మించని తేడాలో ఫలితం కావాలంటే, తారు రోడ్డుకు సాధారణంగా తీసుకునే 10 పాయింట్ల ప్రామాణిక విచలనంతో (యూనిట్ల పాయింట్లు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతతో) లెక్క వేస్తే ఆ 31లో 11 యూనిట్లు పరిశీలిస్తే చాలు. మొత్తం ఊరికి బడ్జెట్ వేసే దశలో అంతకంటే తక్కువతో సరిపెట్టుకోవచ్చు, ఒక సెక్షన్‌కు పనుల అంచనా తయారు చేసే దశలో మాత్రం ఈ సంఖ్యను తగ్గించకూడదు. ఎంచిన యూనిట్లు సమాన దూరాల్లో ఉండాలన్నది నియమం. ఎక్కడో ఒకచోట అసాధారణంగా చెడిపోయిన భాగం కనిపిస్తే దాన్ని అదనపు యూనిట్‌గా విడిగా నమోదు చేస్తారు, తద్వారా అది మిగతా రోడ్డు సగటును లాగేయదు. బాగున్న చోట్లనో బాగాలేని చోట్లనో ఏరి చూపించే అవకాశాన్ని ఈ ఒక్క నియమం చాలావరకు మూసేస్తుంది.

ప్రతి యూనిట్‌లో చూడవలసిన లోపాల పట్టికలో తారు రోడ్డుకు 20 రకాలున్నాయి. చక్రాల దారిలో మొసలి చర్మంలా అల్లుకునే ఎలిగేటర్ పగుళ్లు, పొడవునా వచ్చే పగుళ్లు, అడ్డంగా వచ్చే పగుళ్లు, చక్రాల గాడి, కంకర రాలిపోవడం, ఎండకు తారు పైకి ఉబకడం, అంచులు విరిగిపోవడం, పైపుల కోసం తవ్వి పూడ్చిన అతుకులు, గుంతలు ఇలా ప్రతిదానికీ నిర్వచనం ఉంది, కొలిచే పద్ధతి ఉంది, చాలావాటికి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు తీవ్రతలున్నాయి. చక్రాల గాడి లోతు 6 నుంచి 13 మిల్లీమీటర్లుంటే తక్కువ తీవ్రత, 25 దాటితే ఎక్కువ. గుంతను లోతు, వ్యాసం రెండూ చూసి వర్గీకరించి లెక్కపెడతారు, వ్యాసం 750 మిల్లీమీటర్లు దాటిన గుంత విస్తీర్ణాన్ని 0.5 చదరపు మీటరుతో భాగించి ఎన్ని గుంతలకు సమానమో తేలుస్తారు. ఇంత వివరంగా కొలవడం మొదట్లో సిబ్బందికి విసుగనిపించవచ్చు. కానీ ‘రోడ్డు బాగా పాడైంది’ అనే వాక్యానికీ, ‘ఈ యూనిట్‌లో ఇన్ని చదరపు మీటర్ల మధ్యస్థ తీవ్రత ఎలిగేటర్ పగుళ్లున్నాయి’ అనే వాక్యానికీ బడ్జెట్ సమావేశంలో ఉండే బరువు వేరు. మొదటిదాన్ని ఎవరైనా కాదనవచ్చు, రెండోదాన్ని కాదనాలంటే అక్కడికి వెళ్లి కొలవాలి.

ఈ కొలతల నుంచి సంఖ్య ఎలా వస్తుందో తెలిసి ఉండటం వాడేవారికి మంచిది, ఎందుకంటే పాలకవర్గంలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. యూనిట్‌కు 100 పాయింట్లతో మొదలుపెట్టి, ప్రతి లోపానికి దాని రకం, తీవ్రత, పరచుకున్న శాతాన్ని బట్టి కొంత తగ్గింపు విలువ నిర్ణయిస్తారు. అన్నింటినీ నేరుగా కూడితే మొత్తం 100 దాటిపోవచ్చు, పైగా మూడు లోపాలు ఒకేచోట ఉన్నంత మాత్రాన రోడ్డు మూడింతలు పాడైనట్టు కాదు. అందుకని పెద్ద తగ్గింపు ఎంతుందో చూసి ఎన్ని తగ్గింపులు లెక్కలోకి రావాలో పరిమితి పెడతారు. ఉదాహరణకు అన్నింటికంటే పెద్ద తగ్గింపు 51 అయితే ఆ పరిమితి 5.5, అంటే ఐదు పూర్తి తగ్గింపులు, ఆరోదానిలో సగం. ఆ తర్వాత వాటి మొత్తాన్ని సవరణ వక్రరేఖల సాయంతో తగ్గించి, 100లోంచి తీసివేస్తే పీసీఐ వస్తుంది. 86 నుంచి 100 వరకు మంచి స్థితి, 71 నుంచి 85 వరకు సంతృప్తికరం, 56 నుంచి 70 వరకు ఫరవాలేదనదగ్గది, 41 నుంచి 55 వరకు బాగాలేనిది, ఆ కింద మరింత దిగజారిన వర్గాలు, 10 లోపు పూర్తిగా విఫలమైన రోడ్డు. ఈ తగ్గింపు విలువలను అనుభవజ్ఞులైన ఇంజినీర్ల అంచనాలతో పోల్చి స్థిరపరిచారు కాబట్టి, సూచిక చెప్పే మాట క్షేత్రంలో మంచి ఇంజినీరు చెప్పే మాటకు దగ్గరగానే ఉంటుంది.

అయితే పీసీఐ పైకి కనిపించేదాన్ని మాత్రమే చూస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పవలసిన ప్రధానమైన అభ్యంతరం ఇదే, దీన్ని తేలికగా తీసుకోకూడదు. కింద పొర నీటితో నాని మెత్తబడి ఉండగా పైన కొత్తగా పలుచని తారు పొర వేస్తే, ఆ రోడ్డుకు సర్వేలో దాదాపు 100 వస్తుంది, రెండు వానాకాలాలు గడవకముందే పడిపోతుంది. పునాది బలాన్ని తెలుసుకోవాలంటే బరువును జారవిడిచి ఉపరితలం ఎంత కుంగుతుందో కొలిచే ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ లాంటి పరీక్ష కావాలి. ప్రయాణించేవారికి తగిలే కుదుపును ఐఆర్ఐ అనే అంతర్జాతీయ గరుకుదనపు సూచిక కొలుస్తుంది, చక్రం జారే ప్రమాదానికి ఘర్షణ పరీక్షలు వేరుగా ఉన్నాయి. పీసీఐ వీటన్నింటి పనీ చేస్తుందని అనుకుని కొంటే నిరాశ తప్పదు. ఊరంతటికీ పీసీఐతో జల్లెడ పట్టి, పెద్ద పనికి తేలిన సెక్షన్లకు మాత్రమే బలం పరీక్ష చేయించడం ఖర్చుకు తగిన క్రమం. పరీక్ష లేకుండా పాత రోడ్డు మీద పరిచే కొత్త తారు పొర (ఓవర్‌లే) మందం నిర్ణయించడం మాత్రం ప్రజల డబ్బుతో చేసే పందెం.

సర్వే నాణ్యత గురించి కూడా గట్టిగా చెప్పాలి. ఒకరికి మధ్యస్థంగా కనిపించిన పగులు మరొకరికి తీవ్రంగా కనిపిస్తుంది. శిక్షణ లేని ఇద్దరు ఒకే యూనిట్‌కు చాలా తేడాతో పాయింట్లు ఇస్తే, ఆ తేడా తర్వాతి సర్వేలో రోడ్డు హఠాత్తుగా మెరుగుపడినట్టో కూలిపోయినట్టో కనిపిస్తుంది, దాని మీద కట్టిన అంచనాలన్నీ వంకరపోతాయి. కొన్ని యూనిట్లను వేరే బృందంతో మళ్లీ కొలిపించి పోల్చే ఏర్పాటును ఒప్పందంలోనే రాసుకోవాలి. కెమెరాలు, లేజర్లు బిగించిన వాహనాలతో చేసే సర్వేలు వేగంగా సాగుతాయి, నడిచేవారికి రద్దీ రోడ్డు మీద ఉండే ప్రమాదాన్ని తప్పిస్తాయి. అయినా చిత్రాల్లోంచి లోపాలను గుర్తించి తీవ్రత నిర్ణయించే దశలో మళ్లీ అదే జాగ్రత్త అవసరమవుతుంది.

ఇక ముందుచూపు. పేవర్ సెక్షన్లను కుటుంబాలుగా కూరుస్తుంది. ఉపరితలం రకం, రద్దీ స్థాయి, రోడ్డు వాడకం ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపుగా తీసుకుని, వాటి వయస్సుకూ పీసీఐకీ ఉన్న సంబంధాన్ని ఒక వక్రరేఖగా గీస్తుంది. ఒక సెక్షన్ ఇప్పుడు ఎక్కడుందో ఆ బిందువు గుండా వెళ్లేలా ఆ రేఖను పక్కకు జరిపి, రాబోయే ఏళ్లలో ఎలా దిగజారుతుందో అంచనా వేస్తుంది. పద్ధతి సరళమైనది, అర్థమయ్యేది, అందుకే నమ్మదగ్గది. కానీ దానికి స్థానిక కొలతలు కావాలి. మొదటి సర్వే పూర్తయిన ఏడాది వేర్వేరు వయస్సుల రోడ్లను పక్కపక్కన పెట్టి గీసిన రేఖ తాత్కాలికమైనదే, రెండో సర్వే, మూడో సర్వే వచ్చినకొద్దీ అది ఆ ఊరి నేలకు, వానకు, బరువులకు తగినట్టు దిద్దుకుంటుంది. కొన్న మొదటి సంవత్సరమే పదేళ్ల జోస్యం కచ్చితంగా చెప్పాలని అడిగే పాలకవర్గానికి ఈ సంగతి ముందే వివరించి ఉంచాలి.

రోడ్లు దిగజారే తీరులోనే బడ్జెట్ సమస్య అంతా ఇమిడి ఉంది. మంచి రోడ్డు చాలా ఏళ్ల పాటు నెమ్మదిగా పాతబడుతుంది, ఒక స్థాయి దాటాక పగుళ్లలోంచి నీరు దిగి కింది పొరలు బలహీనపడటంతో వేగంగా పడిపోతుంది. ఆ స్థాయిని పేవర్ క్రిటికల్ పీసీఐ అంటుంది, సాధారణంగా 55కూ 70కీ మధ్య ఎక్కడో పెడతారు. దాని పైన ఉన్న రోడ్లకు పగుళ్లు పూడ్చడం, చిన్న అతుకులు వేయడం లాంటి స్థానిక నివారణ పనులు, మొత్తం ఉపరితలానికి స్లర్రీ సీల్ వంటి పలుచని పూతలు సరిపోతాయి. దాని కింద పడిపోయిన రోడ్లకు రెండే దారులు. పెద్ద పునరుద్ధరణకు డబ్బు దొరికితే చేయడం, దొరకకపోతే ప్రమాదం జరగకుండా గుంతలు పూడుస్తూ కాలం గడపడం. ఈ చివరి పనిని పేవర్ స్టాప్‌గ్యాప్ అని వేరే ఖాతాలో చూపిస్తుంది. నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో బాగా నచ్చినవాటిలో ఈ విభజన ఒకటి. వానాకాలం తర్వాత గుంతలు పూడ్చడానికి ఖర్చు చేసిన మొత్తాన్ని సాధారణ లెక్కల్లో నిర్వహణ అనే రాస్తారు, నిజానికి దాని వల్ల రోడ్డు ఆయుష్షు పెరగదు. ఆ ఖర్చు విడిగా కనిపించినప్పుడు, వాయిదా వేసిన పెద్ద పనికి స్థానిక సంస్థ ఏటా కడుతున్న వడ్డీ ఎంతో తేటతెల్లమవుతుంది.

అసలు బలమంతా బడ్జెట్ పోలికల్లో ఉంది. ఇంజినీరు సాఫ్ట్‌వేర్‌ను నాలుగు రకాలుగా అడగవచ్చు. ఏటా ఇంత మొత్తమే ఇస్తే ఐదేళ్ల తర్వాత రోడ్లు ఎలా ఉంటాయి? ఇప్పుడున్న సగటు నిలబడాలంటే ఏటా ఎంత కావాలి? ఫలానా సగటుకు చేరాలంటే ఎంత కావాలి? పేరుకుపోయిన పనంతా ఇన్నేళ్లలో తీరాలంటే ఎంత కావాలి? ఈ నాలుగు జవాబులు ఒకే పటంలో నాలుగు గీతలుగా కనిపించినప్పుడు చర్చ స్వరూపమే మారుతుంది. ‘ఈ ఏడాది రోడ్లకు కోత పెడదాం’ అనే మాటకు అప్పటివరకు ధర లేదు, ఇప్పుడు ఉంటుంది. ఒక ఊహాత్మక లెక్కతో దీన్ని వివరించవచ్చు. చదరపు మీటరుకు పూత వేయడానికి ఒక పాలు, ఓవర్‌లేకు నాలుగు పాళ్లు, తిరిగి నిర్మించడానికి పది పాళ్లు ఖర్చవుతుందనుకుందాం. వంద పాళ్ల బడ్జెట్‌తో పది చదరపు మీటర్ల పాడైన రోడ్డును తిరిగి నిర్మించవచ్చు, లేదా పాడవడానికి సిద్ధంగా ఉన్న వంద చదరపు మీటర్లను కాపాడవచ్చు. ముందు అధ్వాన్నమైనదాన్నే బాగుచేయాలనే అలవాటు ఆ పది మీటర్లను ఎంచుకుంటుంది, ఈలోగా ఆ వంద మీటర్లలో కొంత భాగం నాలుగు పాళ్ల వర్గంలోకి, మరికొంత పది పాళ్ల వర్గంలోకి జారిపోతుంది. ఇలా కొన్నేళ్లు సాగితే బడ్జెట్ పెరిగినా రోడ్ల సగటు పడిపోతూనే ఉంటుంది, అందుకు కారణం ఎవరికీ అర్థం కాదు.

దీన్ని జనానికి చెప్పడం మాత్రం కష్టమే. కళ్లకు నున్నగా కనిపించే వీధికి పూత వేస్తూ, పక్కనే గుంతలతో ఉన్న వీధిని వదిలేస్తే ఆ వీధివాసులు కోపగించుకోవడంలో అన్యాయమేమీ లేదు. సాఫ్ట్‌వేర్ ఆ సంభాషణ చేయలేదు, ఎన్నికైనవారే చేయాలి. బాగా పాడైన వీధులకు బడ్జెట్‌లో కొంత వాటాను ముందే కేటాయించి, ఏ వీధి ఏ సంవత్సరం వస్తుందో జాబితా ప్రకటించి, మిగతా వాటాను నివారణ పనులకు తాకకుండా ఉంచడం ఆచరణలో నిలిచే మధ్యమార్గం. రోడ్డు ప్రాముఖ్యాన్ని, వాడకాన్ని బట్టి ప్రాధాన్య పట్టికను స్థానిక సంస్థే నిర్ణయించుకునే వీలు పేవర్‌లో ఉంది కాబట్టి ఆసుపత్రి దారికీ బస్సు మార్గానికీ ముందు వరుస ఇవ్వవచ్చు. ఆ పట్టికను ఇంజినీర్ల గదిలో కాకుండా పాలకవర్గం సమావేశంలో ఆమోదింపజేసుకోవడం మేలు, అప్పుడు జాబితాలో వెనకబడిన వార్డుకు జవాబు చెప్పే బాధ్యత అందరిదీ అవుతుంది.

నిధుల తీరు మరో చిక్కును తెచ్చిపెడుతుంది. పూత వేయడం, పగుళ్లు పూడ్చడం రెవెన్యూ ఖర్చు కిందికి వస్తాయి, అంటే ఆ ఏడాది వసూలైన పన్నుల్లోంచి, జీతాలతోనూ వీధి దీపాల కరెంటు బిల్లుతోనూ పోటీపడి రావాలి. తిరిగి నిర్మించడం మూలధన వ్యయం, దానికి అప్పు దొరుకుతుంది, పై ప్రభుత్వం నుంచి గ్రాంటు దొరుకుతుంది, శంకుస్థాపన శిలాఫలకం కూడా దొరుకుతుంది. చవకైన పనికి డబ్బు దొరకడం కష్టంగా, ఖరీదైన పనికి డబ్బు దొరకడం సులువుగా ఉన్న ఈ ఏర్పాటు రోడ్లను కూలిపోయేదాకా వదిలేయమని ప్రోత్సహిస్తుంది. పేవర్ నివేదికల్లో నివారణ పనులు, స్టాప్‌గ్యాప్, పెద్ద పనులు వేర్వేరుగా వస్తాయి గనుక, ఆర్థిక విభాగం వాటిని నేరుగా రెవెన్యూ పద్దుకూ మూలధన పద్దుకూ ఎదురుగా పెట్టి చూడవచ్చు. ఈ ఏడాది రెవెన్యూ పద్దులో తగ్గించిన మొత్తం ఏ సంవత్సరంలో ఎంత పెద్దదై మూలధన పద్దులో తేలుతుందో చూపించే నివేదిక గ్రాంటు ఇచ్చే పై ప్రభుత్వాలకు కూడా చేరాలి. నిబంధనలు మారవలసింది అక్కడే.

సగటు పీసీఐ ఒక్కదాన్నే పట్టుకుని పాలన సాగించడం వల్ల వచ్చే ప్రమాదం గురించి నివేదికలు తయారు చేసేవారికి ఒక హెచ్చరిక అవసరం. ఊరిలో సగం విస్తీర్ణం 90 దగ్గర, మిగతా సగం 40 దగ్గర ఉంటే సగటు 65. ఊరంతా 65 దగ్గర ఉన్నా సగటు 65. మొదటి ఊరిలో సగం రోడ్లు చవకైన పనులతో కాపాడదగ్గ దశను దాటిపోయాయి, రెండో ఊరు ఇంకా చాలావరకు నిలబెట్టుకోదగ్గ స్థితిలోనే ఉంది. రెండింటికీ కావలసిన బడ్జెట్ వేరు, ప్రణాళిక వేరు. పాలకవర్గానికి ఇచ్చే నివేదికలో సగటుతో పాటు ప్రతి వర్గంలో ఎంత శాతం విస్తీర్ణం ఉందో, క్రిటికల్ పీసీఐకి కొంచెం పైన నిలిచి ఈ రెండు మూడేళ్లలో జారిపోబోయే విస్తీర్ణం ఎంతో తప్పక ఉండాలి. ఈ ఏడాది డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆ చివరి అంకే. వార్డుల వారీగా కూడా ఇవే అంకెలు తీస్తే, ఏ ప్రాంతాన్ని ఏళ్ల తరబడి వదిలేశారో దాచడం ఎవరి వల్లా కాదు.

సాఫ్ట్‌వేర్‌కు తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. వచ్చే ఏడాది ఆ వీధిలో తాగునీటి పైపు మారుస్తారని దానికి ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. తవ్వి పూడ్చిన అతుకులను అది లోపంగా నమోదు చేస్తుంది, ఆ లోపం రాకుండా ఆపలేదు. నీటి, మురుగు, విద్యుత్, కేబుల్ సంస్థల పనుల క్యాలెండర్‌ను సెక్షన్ల జాబితాతో కలిపి చూసే సమావేశం ఏటా జరగకపోతే, ఎంత శాస్త్రీయంగా ఎంచిన వీధైనా తారు ఆరకముందే తవ్వకానికి గురవుతుంది. పక్క కాలువ పూడిపోయి నీరు రోడ్డు మీద నిలుస్తోందా అన్నది పీసీఐలో నేరుగా లేదు, కానీ తారు రోడ్డుకు నీటిని మించిన శత్రువు లేదు కాబట్టి సర్వే బృందం ఆ వివరాన్ని వ్యాఖ్యల్లో రాయడం తప్పనిసరి చేసుకోవాలి. పూత పనులకు పొడి వాతావరణం కావాలి. బడ్జెట్ ఆమోదం, టెండర్, ఒప్పందం పూర్తయ్యేసరికి వానలు మొదలయ్యే క్యాలెండర్ ఉన్నచోట ఒకటి కంటే ఎక్కువ ఏళ్లకు ముందే ఒప్పందం చేసుకోవడం తప్ప మరో మంచి దారి లేదు.

బరువుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఒట్టావా వద్ద 1958 నుంచి 1960 వరకు జరిగిన ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష ఫలితాల నుంచి, ఇరుసు బరువు పెరిగినకొద్దీ రోడ్డుకు కలిగే నష్టం సుమారుగా ఆ బరువు నాలుగో ఘాతంలో పెరుగుతుందని ఇంజినీర్లు గ్రహించారు. బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. కాలనీ వీధుల్లో కార్ల సంఖ్య ఎంతున్నా, వాటిని అరగదీసేది ఎక్కువగా చెత్త లారీలు, బస్సులు, నిర్మాణ సామగ్రి మోసే టిప్పర్లు. కుటుంబాల విభజన చేసేటప్పుడు ఈ భారీ వాహనాల దారులను విడిగా గుర్తించకపోతే, రెండు రకాల వీధులకూ ఒకే రేఖ గీసి రెండింటి విషయంలోనూ పొరబడతాం.

ప్రత్యామ్నాయాల గురించి కొంత. ప్రపంచ బ్యాంకు పరిశోధనల నుంచి పుట్టి 2000 ప్రాంతంలో వెలువడిన హెచ్‌డీఎం-4 మరో ప్రసిద్ధ సాధనం. అది రోడ్డు ఖర్చుతో పాటు వాహనదారులు భరించే ఇంధనం, టైర్లు, సమయం ఖర్చును కూడా లెక్కించి, ఏ పెట్టుబడి సమాజానికి ఎక్కువ మేలు చేస్తుందో తేలుస్తుంది. జాతీయ, రాష్ట్ర రహదారులకు అది సరైనది. వీధుల స్థాయిలో దానికి కావలసిన దత్తాంశం, స్థానిక పరిస్థితులకు దిద్దే శ్రమ చాలా సంస్థల శక్తికి మించినవి. వేగం తక్కువగా ఉండే వీధుల్లో కుదుపు సూచిక ఆధారంగా నిర్ణయాలు చేయడమూ అంతగా కుదరదు. మరోపక్క, రోడ్లు కొద్దిగానే ఉన్న చిన్న ఊరికి పీసీఐ సర్వే చేసి ఫలితాలను మామూలు స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. సెక్షన్ల సంఖ్య వందలు దాటి, బడ్జెట్ పోలికలు ఏటా కావలసి వచ్చినప్పుడు పేవర్ లాంటిది అవసరమవుతుంది.

వాడకం సులువేమీ కాదు. తెరలు ఇంజినీర్ల కోసం తయారైనవి, పదజాలం ప్రమాణ పత్రాలది, శిక్షణ లేకుండా కూర్చున్నవారికి పనుల ప్రణాళిక భాగం అర్థం కావడానికి సమయం పడుతుంది. పనుల రేట్లు, క్రిటికల్ పీసీఐ, ప్రాధాన్య పట్టికలు స్థానికంగా నింపకుండా అలాగే వదిలేస్తే వచ్చే నివేదిక అందంగా ఉంటుంది గానీ ఆ ఊరిది కాదు. ఫలితాలను పటం మీద రంగుల్లో చూపించే సౌకర్యం మాత్రం పాలకవర్గం ముందు ఏ పట్టిక కంటే బాగా పనిచేస్తుంది.

తీసుకోవాలనుకునే స్థానిక సంస్థకు నా సిఫారసు అవును అనే, కొన్ని షరతులతో. సర్వేను ఒక్కసారికి కాకుండా రెండు మూడేళ్లకోసారి తిరిగి చేయించేందుకు నిధులు ముందే కేటాయించుకోవాలి, ఎందుకంటే పాతబడిన పీసీఐ మీద కట్టిన బడ్జెట్‌ను కోర్టులోనో సమావేశంలోనో ఎవరూ సమర్థించలేరు. చేసిన ప్రతి పనిని, తేదీ, పొర మందం, విస్తీర్ణంతో సహా, బిల్లు చెల్లించే ముందే డేటాబేస్‌లో నమోదు చేసే నియమం పెట్టుకోవాలి. కనీసం ఇద్దరు శాశ్వత ఉద్యోగులకు శిక్షణ ఇప్పించాలి, ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరి బదిలీతో వ్యవస్థ ఆగిపోతుంది. పని సలహా సంస్థకు అప్పగిస్తే, సెక్షన్ల హద్దులు, యూనిట్ల వారీ లోపాల కొలతలు, ఫొటోలు, పటం ఫైళ్లు అన్నీ తెరిచి దిద్దుకోదగ్గ రూపంలో స్థానిక సంస్థకే చెందుతాయని ఒప్పందంలో రాయించుకోవాలి. అచ్చు వేసిన నివేదిక, సెక్షన్‌కు ఒక్క పీసీఐ అంకె మాత్రమే చేతికొస్తే తర్వాతి సర్వే మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది, కుటుంబాల రేఖలు గీయడానికి కావలసిన చరిత్ర ఎప్పటికీ పోగుపడదు.